కొత్త కాగితానికి పసుపు

“అవ్వా, ఈ రంగుల డబ్బా నీ అంగట్లో పెట్టి ఎవురికన్నా అమ్మెయ్. మొదులుపెట్టేటోల్లు ఏం కొనాల్నో తెలీక కొన్నా. నాకి ఇంగ బొమ్మలు రావు.”

అమ్మెయ్యాల్నా? ఉండు, ముందు కూకో. ఎమ్మిగనూరు నుంచి ఈ ఎండన బస్సులో పడి ఆదోనికి వచ్చినావు, కడవలో నీల్లు సల్లగుండాయి, తాగు. ఏమ్మే, ఆ ఫోను ఆడ పెట్టినావు యేంటికి? నా మాటలు పట్టుకుంటాందా అది? సరే, పట్టుకోనీలే. ముసల్ది వాగేది ఎవురింటారు.

ఏదీ, ఆ డబ్బా ఇట్లియ్యి. అబ్బ, ఎంత బరువుండాదమ్మా! నలబై ఎనిమిది రంగులా? ఒగదానికి గుడక మూత తీయలే. ఈ పుస్తకం సూడు, కాగితం మీగడ మాదిరి ఉండాది, ఏలు పెడితే మాస్తాదేమో అనిపిస్తాది నాకే. మొదుటి జీతంతో ఫోన్లోనే తెప్పించుకున్నా అంటివి గదా, సలికాలంలో? ఇప్పుడు మామిడికాయలొచ్చినాయి. ఒగ గీత గుడక పడలే దీని మింద.

ముందర నువ్వు ఆ మందులంగట్లో పని నేర్సుకుంటా కూకోని, మాత్రల అట్టపెట్టె సించి, దాని ఎనకతట్టు వేస్తాంటివే బొమ్మలు. డాక్టరు మందుల సీటీ పట్టుకోని నిలబడిన ముసలోల్లు, సంకలో బిడ్డ ఏడుస్తాంటే మందు అడిగే తల్లులు. ఒగసారి మీ యమ్మ మొగం వేసి నాకి పంపిస్తివి. అది నా కూతురు మొగం, నాకి తెలీదా? ఆ కండ్ల కింద అలుపు యెట్ల పట్టుకున్నావో యేమో, సూసి ఏడుపొచ్చింది నాకి. అట్లాంటిదానివి రావంటావు.

సూడు, ఈ అంగడి మీ తాత పెట్టింది. బడి పక్కన గదా, పలకలు, బలపాలు, నోటుబుక్కులు. అప్పుట్లో పెన్సిలు పావలా. కాదు కాదు, పావలా తర్వాత అయ్యింది, మొదుట్లో ఇంగా తక్కువే. ఆయప్ప సరుకు తేను పోతే నేను కూకుంటాంటి గల్లాపెట్టె కాడ. కూకోని సూసి సూసి నాకొగటి తెలిసింది. పెద్ద రంగుల డబ్బా కొన్న పిల్లోల్లు మల్లా రారు. వాల్ల నాయన ఎంటబెట్టుకోని వస్తాడు, ఉండేదాంట్లో పెద్దది తీయమంటాడు, పిల్లోడు దాన్ని రొమ్ముకు కరుసుకోని పోతాడు. అంతే, ఇంగ కనపడడు. ఒంటి పెన్సిలు కొన్నోల్లు మాత్రం వారం దాటేతలికి వస్తారు, గోరంత ముక్క సూపించి, “అవ్వా, అయిపాయ” అంటా. ఆ ముక్కలు సూస్తే నాకి కడుపు నిండిపోతాంటది, తెలుసునా.

మొదులుపెట్టేటోల్లు ఏం కొనాల్నో తెలీక అంటివి. నన్ను అడిగింటే సెప్పింటానే! మెత్తగ నల్లగ పడే పెన్సిలొగటి. ప్రెస్సు కాడికి పోతే కత్తిరించి పారేసిన కాగితాలు కట్టకట్టి ఇస్తారు, అవి సాలు గీసేదానికి. రంగులంటావా, ఎరుపు, పసుపు, నీలం, ఇంగ తెలుపు. మిగిలినవన్నీ నువ్వు కలుపుకునేవే, పగిలిన సాసరుంటే దాంట్లో. కలపతా కలపతా ఉంటే నీకే తెలుస్తాది ఏది యేంటికి పుట్టిందో. కుంచె కాడ మాత్రం పిసినారితనం పనికిరాదు. ఒగటే కొను, మంచిది కొను. అంగట్లోనే తడిపి సూడు, మొన కూడాల. ఎంటిక ఊడొచ్చిందా, ఆడ్నే పెట్టేసి రా. మీ తాతకి కోపం వచ్చేది, కొనేటోల్లకు ఇదంతా సెప్తే సరుకు ఎవురు కొంటారే అని. ఆయప్ప లెక్క ఆయప్పది.

నవ్వుతాండావా? నవ్వు. వచ్చినప్పట్నుంచి మొగం ముడుసుకోని ఉండావు.

నేను కొనింది ఏముండాది? మాది కౌతాళం పక్క పల్లె గదా. యాడ సూసినా నల్లరేగడే, ఎర్రమన్ను కావాలంటే గాడిదల మింద ఏసుకోని వచ్చేటోల్లు, జొన్నలు పోసి తీసుకుంటాంటిమి. దాన్నే జాజు అంటాం. మా పెద్దమ్మ కన్నడం ఎక్కువ మాట్లాడేది, “బణ్ణ బేకా?” అని వీది సివర నుంచే పిల్చేది నన్ను. రంగు కావాల్నా అని. గోడకు బొమ్మలు గీసేదానికి నేను ఉరుక్కుంటా పోయేదాన్ని. ఎరుపుకి జాజు, తెలుపుకి సున్నం, నీలానికి బట్టలకేసే నీలిమందు, నలుపుకి దీపం మసి. రాలిపోకుండా తుమ్మబంక నానేసి కలిపేది. కుంచె ఈతపుల్ల. కొన నమిలితే కుచ్చయితాది. నోరంతా వగరు. మా సిన్నమ్మ కంటే నాదే బాగా నమిలింటాదని పేరు. సిన్నమ్మంటే ఎవురనుకుంటివి, కైరుప్పలకిచ్చింటిమే, ఉగాదైనాక పిడకలతో కొట్టుకుంటారు సూడు, ఆ ఊరే.

యాడున్నా నేను? ఆఁ, గోడ. జాజు పూసిన గోడ తడిగుండంగనే సున్నంతో గీస్తాం. గీసేటప్పుడు ఏం కనపడదమ్మే. నీల్లతో గీసినట్లు ఉంటాది. సిలక ముక్కు యాడ పెట్టినావో, రెక్క యాడ తిప్పినావో సెయ్యికే తెలియాల. గీసి పక్కన కూకోని సూస్తాంటిమి. ఎండ గోడ మింద పాకుతా వస్తాది. యాడో బాయి కాడ గిలక సప్పుడు. అట్ల సూస్తాంటే, గోడ ఆరేకొద్దీ, లోపట్నుంచి తెల్లంగా బయటికొస్తాది సిలక. ముందు ముక్కు, తర్వాత మెడ. ఇప్పుటికీ కండ్లు మూసుకుంటే వస్తాది నాకి. తప్పు పోతే ఏం భయం ల్యా, పేడనీల్లతో అలికేసి, జాజు పూసి, మల్లా మొదులు. గోడ ఏమంటాది?

భయం వచ్చింది ఆదోనికి కోడలిగా వచ్చినాక. పత్తి మిల్లుల ఊరు గదా, సీజన్లో గాలిలో దూది తిరుగుతాంటాది. మొదుట్లో నేను పగటిపూట అట్లే సూస్తా నిలబడిపోయేదాన్ని, అన్నం మాడిపోయినా తెలిసేది కాదు. మా యత్త తిట్టేది గానీ, బయట మాత్రం నా గురించి గొప్పలు సెప్పుకునేది. అట్ల సెప్పి సెప్పి, పత్తి యాపారం సేసే శెట్టెమ్మకు మాటిచ్చేసింది. వాల్లింట్లో పెండ్లి. తలవాకిలి పక్క గోడకు మా కోడలు సిలకలు వేస్తాది, సూడు తల్లీ, అని.

పోయినా. గోడ సూస్తిని. సున్నం గాదు అది, నూనె రంగు, మన మొగం కనపడేంత నునుపు. నాకి ఈతపుల్ల గాదు, బొంబాయి కుంచెలు తెప్పించి పెట్టినారు, డబ్బాల్లో రంగులు. పెండ్లోల్లంతా కూకోని సూస్తాండారు. నేను కుంచె ముంచినా, గోడ కాడికి సెయ్యి తీసుకపోయినా, ఇంగ కదల్లే. తప్పు పోతే దీన్ని యెట్ల అలకాల? పేడనీల్లు పోస్తే ఊరుకుంటారా? మా యత్త ఆ మూల నిలబడి కొంగు నలుపుకుంటాంది. నేను సెడగొడితే తల యాడ పెట్టుకోవాల ఆమె? కుంచె మొన నుంచి రంగు సుక్క సుక్క కింద పడతాంది.

శెట్టెమ్మ సూసింది. ముసలామె, లావుగా ఉండేది, నడిస్తే ఆయాసం. పెండ్లిల్లు గదా, పసుపు యాడ సూసినా ఉంటాది. గిన్నెలో బొటనేలు ముంచి, వచ్చి, ఆ తెల్లని గోడ మూలకు ఒగ వత్తు వత్తింది. ఇంత లావు పసుపు మరక. నేను అమ్మో అన్న్యా. “కొత్త సీర కట్టుకునేటప్పుడు కొనకు పసుపు పెట్టుకుంటామా ల్యాదా? పెట్టినాక అది దాసుకునేది గాదు, కట్టుకునేది. గోడైనా అంతే. మరక నేను సేసినాలే, ఇంగ నీ ఇష్టమొచ్చినట్లు గీయి” అన్న్యది.

ఇంగ సూడు! సెయ్యి దానంతకదే పాయ. రొండు సిలకలు, నడాన మామిడి కొమ్మ. గాలికి దూది పింజొగటి వచ్చి సిలక పొట్ట మింద, తడి రంగులో అతుక్కుంది. పీకబోతే శెట్టెమ్మ వద్దనింది, దానికీ మెత్తగుండనీలే అని. అందరూ నవ్విరి. మా యత్త అందరికంటే ఎక్కువ నవ్వింది. ఎంత సంతోషమైందో సెప్పలేను తల్లీ. ఇప్పుడు ఆ ఇల్లు ల్యాదు, సెల్లుఫోన్ల అంగడి అయింది. ఆ దావన పోతే మాత్రం నా కండ్లు ఆ పక్కకే పోతాయి. అద్దాల్లో యాడన్నా పచ్చ రంగు కనపడితే, నా సిలక ఇంగా ఉండాదేమో అనిపిస్తాది.

నీకి రాక గాదమ్మే. మందుల అట్టకు భయపడలే నువ్వు, అది ఎట్లాగూ పారేసేది గదా. దీనికి భయపడతాండావు. జీతమంతా పోసి కొంటినే అని, దీని మింద మంచిదే వేయాలని కూకుంటివి. మంచిది వచ్చేదాక ముట్టకుండా కూకుంటే యెవురికన్నా వస్తాదా మంచిది? ఈ రంగులు ఏం సెడిపోవులే, నాలుగు బయటికి తీయి, మిగిలినవి పండగ సీరల మాదిరి ఒగొగటే తీద్దువు.

పో, అంగడెనక వంటింట్లో పోపుడబ్బాలో పసుపుండాది, తే. సెప్తాండా గదా, తే.

ఆఁ. పుస్తకం ఇట్లియ్యి. మొదుటి కాగితం తీయి. వద్దు అవ్వా అంటావేంటికి, సెయ్యి ఇడుసు! ఇదో. మూలకు. అబ్బ, కొంచెం ఎక్కువే పడింది, నా ఏలు వణుకుతాది గదా. పోనీ. ఇంగ ఇది కొత్తది గాదు. మరక నేనే సేసినా, మిగిలింది నీది.

కండ్లు తుడుసుకో. ఈ పెన్సిలు తీసుకో, అంగట్లోదే. ఏం వేయాలంటావా? నన్నే వేయి. పండ్లు ల్యాని నోరు, ఈ ముడతలు, అన్నీ వేయి, ఒగటీ దాసద్దు. నేనిట్ల గోడకానుకోని బయట సూస్తా కూకుంటా. మాట్లాడనులే.

ఆ ఫోను ఉండనీ, ఆపద్దు. పెన్సిలు సప్పుడు ఇనపడతాంది... ఎంత బాగుండాదో. నీ సెయ్యి సల్లగుండ తల్లీ. నీ పెన్సిల్లన్నీ అరిగి అరిగి గోరంత కావాల. అది అయిపోతానే రా, ఇంగొగటి తీసిపెడతా...