రెండు మంచి మాటలు, ఒక సలహా

రూలు తప్పానా డ్రాయింగు మాస్టారూ? చెప్పండి. ఎవరు బొమ్మ పెట్టినా ముందు రెండు మంచి మాటలు, తర్వాత ఒక సలహా. మన ఆదివారం బొమ్మల గుంపు హాలు గోడకి మీరే కదా అంటించారు, ఇంతింత అక్షరాలతో. ఆ ప్రకారమే మాట్లాడాను.

ఆ స్టూలు మీద కాదు, జిగురు ఆరలేదు. ఇటు బల్ల మీద కూర్చోండి.

సరే. నర్సమ్మ తన మొగుడి బొమ్మ పెట్టింది. నేనేమన్నాను? "కాగితం తెల్లగా ఉంది." ఒకటి. "ఫ్రేము నిటారుగా ఉంది." రెండు. "ఆయన్ని ఇంకాస్త దూరంగా పెడితే బాగుంటుంది, పక్క వీధిలో." అది సలహా. ఎక్కడుంది తప్పు?

ఏడ్చిందా? హాల్లో ఏడవలేదే. ఇంటికెళ్లాకా?

ఊఁ. ఇక రానందా.

పోనీ మీ మిగతావాళ్ల సంగతి చూడండి. బ్యాంకాయన గుర్రం వేశాడు. నాలుగు మోకాళ్లూ నాలుగు దిక్కులకి తిరిగున్నాయి. "భలే కదలిక ఉందండీ" అన్నారు అందరూ. మీరూ అన్నారు. ఆ కాళ్లతో అది పదడుగులు నడిస్తే నేను సగం మీసం గొరిగించుకుంటాను. టైలరమ్మ సముద్రమని దుప్పటి ఆరేసింది. "ఎంత ప్రశాంతంగా ఉందో." దుప్పటి ప్రశాంతంగా ఉండక పోట్లాటకొస్తుందా? మా వడ్రంగంలో తలుపు పట్టకపోతే "రంగు ముచ్చటగా ఉంది" అనరు మాస్టారూ. విప్పి మళ్లీ చెయ్యమంటారు.

అవును, నేనూ పెట్టాను ఆ రోజు. మా ఆవిడ బొమ్మ, కుర్చీలో కూర్చున్నట్టు. పోయి మూడేళ్లయిందిగా. చెయ్యి వేస్తే కుర్చీ తగిలేలా ఉందన్నారు. మీరైతే కళ్లద్దాలు తుడుచుకుని మరీ మెచ్చుకున్నారు.

నర్సమ్మ కూడా రెండు మంచి మాటలు చెప్పింది. రెండూ కుర్చీ గురించే. తర్వాత, "మనిషి కూర్చోలేదు బాబాయ్‌గారూ, అతికించినట్టుంది. బరువు లేదు. పిన్నిగారు ఏ పక్కకి వాలి కూర్చునేవారు?" అంది.

ముప్పయ్యేళ్లు రోగుల్ని లేపి కూర్చోబెట్టిన చేతులు. బరువంటే ఆవిడకి తెలీదా.

అందుకే మండింది. నా తర్వాత బొమ్మ ఆవిడదే కావడం ఆవిడ ఖర్మ.

నవ్వకండి. ఆ కుర్చీ నేనే చేశాను, మా పెళ్లయిన ఏడు. వెనక కాళ్ల వంపు ఎంతో, ఏ అతుకు ఎన్నిసార్లు ఊడిందో కళ్లు మూసుకుని చెప్తాను. దాన్లో మా ఆవిడ నలభై ఏళ్లు కూర్చుంది. నిన్నంతా దాన్ని ఎదురుగా పెట్టుకుని ఆలోచించాను. చేతులు ఒళ్లో పెట్టుకునేదా, చెంప ఆనించుకునేదా? కుర్చీ కిర్రుమంటే వినబడేది, వెంటనే బిగించేవాణ్ణి. అందులో మనిషి వైపు చూస్తే కదా.

ఇక లేవండి. నర్సమ్మ ఇల్లెక్కడో చూపించండి. క్షమించమని అడగను, ఆ పని నాకు రాదు, ఈ వయసులో నేర్చుకోను. ఆవిడ ఒక ప్రశ్న అడిగింది. జవాబు చెప్పొస్తాను.

తెలీదమ్మా, అని.