మెహ్జబీన్‌కు డెబ్బయి ఒకటి

హలో… ఆ, నేనే, నగేష్ సారూ. లాల్‌గడి మలక్‌పేట్ బడి టీచర్ని, దుర్గాబాయిని. శామీర్‌పేట ఎస్టీడీ బూత్ నుంచి మాట్లాడుతున్న.

…మంచిచెడ్డలు తర్వాత సార్. మీ పీహెచ్‌డీ కోసమని మా ఏడో తరగతి పిల్లలకు తెలివి పరీక్ష పెట్టిపోయిన్రు గద, ఆ కాయితాలు వచ్చినయి. మెహ్జబీన్‌కు డెబ్బయి ఒకటి అని రాసిన్రు.

…అవును, నూరుంటే మామూలు, గిది మందబుద్ధి కింద లెక్క. హెడ్మాస్టర్ గదే సదివి వాళ్ల నాయిన వహాబ్‌కు చెప్పిండు. గాయన నిన్నటి సంది పిల్లను బడికి తోల్తలేడు.

…కోపమే సార్. కాదని ఎందుకంట?

…వినుండ్రి. మీ పరీక్షల రెండు తీర్ల పనులున్నయి. మాటలవి కొన్ని, చెక్కముక్కలు పేర్చేటివి కొన్ని. ముక్కలు ఆ పిల్ల అందరికన్న జల్దీ పేర్చింది. మీరు గడియారం రెండుసార్లు చూసుకున్నరు, నేను ఆడనే ఉన్న.

…మాటల కాడ మార్కులు ఎట్ల పడతయి? ఇంట్ల ఉర్దూ మాట్లాడే పిల్లను 'ఔదార్యం' అంటే ఏందని అడిగిన్రు. ఇగ రెండూ కలిపి ఒక్క అంకె చేసి నెత్తిన కొట్టిన్రు.

…ఏందీ? …మళ్లొకసారి అనుండ్రి.

…మీ లెక్కలకెల్లి ఆమె కాయితమే తీసేస్తరా? గట్ల రెండు తీర్ల మార్కులకు పొంతన లేనోళ్లు అన్ని బళ్లల కలిపి ఎందరు?

…ముప్పై నలుగురు. తెలివి ఒక్కటా, రెండు మూడు తీర్లా అని తేల్చెటందుకే వచ్చిన్రు గద మీరు. ముప్పై నలుగురు లెక్కల ఇమడకుంటే లెక్కను అనుమానించాలె. పిల్లలను ఏరి పారేస్తరా? బియ్యంల రాళ్లా వాళ్లు?

…మీ గైడు ఒప్పుకోడా. మీ గైడు ఈ బడి మొఖం చూసిండా?

…ఆ, వింటున్న. చెప్పుండ్రి.

…రెండూ విడివిడిగ రాసిస్తరు. మాటలవి ఉర్దూల మళ్ల అడిగిస్తరు. ఎప్పుడు? …బేస్తారం. సరే.

…వద్దు, హెడ్మాస్టర్‌కు నేను చెప్పుకుంట. వహాబ్‌కు మాత్రం మీరే చెప్పాలె.

…ఈడనే ఉన్నడు, బూత్ బయట. బలిమికి తోలుకొచ్చిన. 'నా బిడ్డకు దిమాగ్ లేదంట టీచరమ్మా' అని తొవ్వ పొడుగున అదే మాట.

…ఏం చెప్పాల్నంటరా? తప్పు రాసిన అని చెప్పుండ్రి. ముందు గా మాట. మిగతాది తర్వాత.

వహాబ్ భాయ్, లోపలికి రా… చేతులు తుడుసుకునుడు తర్వాత… ఇగో, పట్టుకో. సారు నీతోని మాట్లాడుతడంట.