గరగర తీసేసిన సెట్టు

బెల్లంపల్లిలో మధ్యాహ్నం వాన పట్టుకుంటే, పని లేనివాళ్లందరం రాజక్క చాయ హోటల్ రేకుల కిందికే చేరతాం. ఆ రోజు బెంచీ మధ్యలో అంతయ్య కూర్చున్నాడు. రేడియోలు, టేపులు బాగుచేస్తాడు. భైంసా నుంచి వచ్చి ఇంకా ఏడాది తిరగలేదు. పనికి వంక పెట్టలేం గానీ నోటికి మాత్రం కళ్లెం లేదు. ఎవరో ఊరుకోలేక, బొగ్గు కంపెనీ ఆఫీసరు కరుణాకర్‌రావు సారు బంగ్లాలో కొత్త పాటల సెట్టు సంగతేంటని అడిగారు. సీడీలంటే సగం ఊరు చూడని రోజులవి.

రాజక్క గురించి ఒక్క మాట చెప్పాలి. ఆమె భర్త కొమురెల్లి పాత బాయిలో, అంటే పాత గనిలో, బొగ్గు ఎత్తేవాడు. కప్పు కూలి అక్కడే ఉండిపోయాడు. శవం పైకి రాలేదు, ఆ దారికి గోడ కట్టేశారు. కళ్లతో చూడనిది ఎట్ల నమ్మాలె అని ఆమె ఇప్పటికీ గాజులు తియ్యలేదు. బడిపంతులుగా బదిలీ మీద వచ్చిన నాకు తెలిసింది అంతే. ఆమె ముందు ఆ బాయి పేరు ఎవరూ ఎత్తరు. అంతయ్యకు ఇవేం పడతాయి?

"నేను గొప్పలు చెప్పుకునేటోన్ని కాదు సారూ. చేసింది చిన్న పనే. సారు బామ్మర్ది సింగపూర్‌కెళ్లి సీడీ ప్లేయర్ తెచ్చిండు. అండ్ల తిరిగే పళ్లెంల పాట ఉండదు, అన్నీ అంకెలే, ఒకటి సున్నా, ఒకటి సున్నా. ఆ అంకెలను మల్ల పాట చేసే చిప్పు లోపల ఉంటది. ఆ చిప్పు నాసిరకంది. నేను కోఠికి పోయి మంచి చిప్పు తెచ్చి, బయట వేరే డబ్బా కట్టి, సారు పాత యాంప్లిఫయర్‌కు కలిపిన. అంతే."

"అంతేనా?" అన్నాడు బుచ్చిరాములు. బాయిలో జీవితమంతా చేసి రిటైరైన ముసలాయన.

"అంతేనా అంటవేంది కాకా! పాట పెట్టంగనే పాడేటామె గుటక మింగింది ఇనబడ్డది. తబలా కొట్టేటాయన ఉంగరం ఇనబడ్డది. జర సౌండ్ పెంచితే, ఆ పాట రికార్డు చేసిన గది బయట వాచ్‌మన్ గురక పెడుతుండు. సారు భార్య ప్రమోదినమ్మ తుమ్మింది. ఎందుకో ఎర్కేనా? ఆ గదిల ఊదుబత్తి పొగ!"

అందరం నవ్వాం. రాజక్క కూడా నవ్వి చాయ వడపోసింది.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? పాటకూ పాటకూ నడుమ సన్నగ 'గుయ్' మని మోత. టేపుల గరగర ఉంటది, రికార్డుల చిటపట ఉంటది. అది ఖరాబు అనుకుంటం గని, అది దర్వాజకు పరద లెక్క, ఎనుక ఏమున్నదో తెల్వనియ్యది. నాకేమో పంతం, ఒక్క చప్పుడు సుత ఉండొద్దని. మోత ఎందుకొస్తదంటే ఎర్తు సరిగ లేదు. పట్టపగలు పెరట్ల గుంత తీసి, ఉప్పు, బొగ్గు పోసి, రాగి కడ్డీ దిగగొట్టిన. జర కొట్టంగనే జారింది. కింద మన్ను లేదు. బంగ్లా కిందనుంచే పాత బాయి దారి పోతది కదా, అంతా ఖాళీ. కడ్డీకి తీగ కట్టి ఇడిసిన. దిగుతనే ఉన్నది. తీగ చుట్ట అయిపోయింది. ప్రమోదినమ్మ బట్టలారేసే తీగ తెచ్చి కలిపిన, అదీ అయిపోయింది. ఆఖరుకు ఆగింది. అడుగు తాకి కాదు, కింద ఎవలో పట్టుకున్నట్టు ఆగింది."

రాజక్క చేతిలో గంటె ఆగింది.

"లోపలికొచ్చి ఇంటే మోత లేదు. గంత నిశ్శబ్దం నా బతుకుల ఇనలే. పళ్లెం సుత తీసి పక్కకు పెట్టిన. అయినా స్పీకర్లు పలుకుతున్నయి. ముందుగాల తట్టుడు. టక్‌టక్... జర ఆగి, టక్. సోల్డర్ లూజైందనుకొని మల్ల అతికిన. పోలే. మల్ల గట్లనే, టక్‌టక్... టక్. ఆ తట్టుడు ఇడిసిపెట్టుండ్రి, అసలు సంగతి ఇగ ఇనుండ్రి. బొట్లు బొట్లు నీళ్లు పడ్డట్టు, బొగ్గు టబ్బుల చక్రాలు ఉరికినట్టు, ఆ ఎనుక మనుషులు. ఒకడు దగ్గిండు. ఒకడు అడుగుతుండు, 'సైరన్ అయిందా?' ఇంకోడు అంటుండు, 'ఇంకా కాలేరా, పని చెయ్యి.'"

ఎవరూ నవ్వలేదు. షిఫ్టు దిగే సైరన్ కోసం ఇన్నేళ్లుగా కిందే చూస్తున్న మనుషులు నా కళ్ల ముందు మెదిలారు.

"ఊకో అంతయ్యా, ఇగ సాలు," అన్నాడు బుచ్చిరాములు.

"ఊకుంటనా కాకా! స్పీకర్ గుడ్డలకెళ్లి సల్లటి గాలి మా మొఖానికి కొట్టింది. సోఫా మీద బొగ్గు దుమ్ము. బీడీ ఉన్నదా అని అడిగిన్రు. ముట్టించి ముంగట పెడితే గుంజుకొని తాగి, బూడిద మా మీదికే ఊదిన్రు. సారు భయానికి మంచమెక్కిండు. నేను భయపడుతనా? మైకు పట్టుకొని మస్టర్ లెక్క హాజరు పిలిసిన. ఒక్కొక్కడే పలికిండు. వాళ్ల టోపీ లైట్ల ఎలుగు స్పీకర్లకెళ్లి వచ్చి గోడ మీద పడ్డది! ఆఖరున పలికినాయన ఎవలో ఎర్కేనా రాజక్కా? మీ కొమురెల్లి."

వాడి నోరు మూయాలనిపించింది. చాయ పొంగి స్టవ్ మీద పడుతున్నా రాజక్క చూడలేదు.

"ఏమన్నడు?" అంది. ఆ ఒక్క మాట కోసమే ఇన్నాళ్లు ఉన్నట్టు అడిగింది.

"కంచు గొంతక్కా! 'రాజవ్వకు చెప్పు, మంచిగున్న, ఏడవద్దను' అన్నడు. ఒక పాట సుత పాడిండు."

రాజక్క స్టవ్ కట్టేసింది. అంతయ్య వైపు తిరిగింది.

"మా ఇంటాయన పుట్టు మూగోడు," అంది.

బుచ్చిరాములు ముందు నవ్వాడు. "మూగోనితోని పాట పాడిచ్చినవు గదరా!" అని దగ్గొచ్చేదాకా నవ్వాడు. బెంచీలన్నీ నవ్వాయి. అంతయ్య తల దించుకుని ఖాళీ గ్లాసులోనే చాయ వెతుక్కున్నాడు. తగిన శాస్తి అయిందని నేనూ సంతోషపడ్డాను.

"నవ్వకుండ్రి," అంది రాజక్క.

ఆమె బల్ల మీద వేలి కణుపుతో కొట్టింది. టక్‌టక్. ఆగింది. టక్.

"డ్యూటీ దిగి వచ్చి దర్వాజ గిట్లనే కొడుతుండె. నోరు లేనోడు నన్ను ఇంకెట్ల పిలుస్తడు? ఇంట్ల నాకు తప్ప ఎవలికి ఎర్కలే. పాటలు, బీడీలు నువ్వు కల్పించినవు. ఇది నీకెవలు చెప్పిన్రు?"

ఈ సంగతి నీకు తెలుసా అన్నట్టు అంతయ్య బుచ్చిరాములు వైపు చూశాడు. ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

"ఎవలు చెప్పలేదక్కా," అన్నాడు అంతయ్య. వాడి గొంతు అంత చిన్నగా ఉండగలదని మాకు తెలియదు. "సోల్డర్ లూజే అనుకున్న."

"కడ్డీ తీసినవా?"

"తియ్యలే. గుంజితే రాలే."

రాజక్క గాజులు మోచేతికి తోసుకుంది. కొంగు తలమీదికి కప్పుకుని వానలోకి దిగింది.

"నడువు," అంది. "ఆ కడ్డీ యాడున్నదో చూపెట్టు."