పన్నెండు పాయింట్ ఒకటి

రాజమండ్రిలో ఓ రక్తపరీక్షల ల్యాబు. కౌంటరుకి అటు టెక్నీషియన్ లక్ష్మీదుర్గ. ఇటు, చచ్చిన బొద్దింకని పట్టుకున్నట్టు రిపోర్టుని రెండు వేళ్లతో పట్టుకుని, రైతు పల్లంరాజు గారు.

“పన్నెండు పాయింట్ ఒకటా? ఛీ! ఇది రిపోర్టా, రైలు టైమా?”

“మీ షుగరేనండి. మూడు నెలల సరాసరి.”

“నా బొంద సరాసరి! ఎనిమిది దాటితే కన్ను ముట్టుకోనన్నాడు డాక్టరు. ఎల్లుండే ఆపరేషన్. మీ మిషన్‌కున్నది షుగరు కాదు, పొగరు!”

“రెండుసార్లు పెట్టి చూశానండి. అఫినిటీ క్రొమటోగ్రఫీ ఇది...”

“అవినీతని నువ్వే ఒప్పేసుకుంటున్నావు!”

“అఫినిటీ అండి బాబూ! ఇదిగో, ఈ గొట్టమే కాలమ్. లోపల సన్న పూసలుంటాయి. చక్కెర అంటుకున్న హిమోగ్లోబిన్ వాటిని పట్టుకు వేలాడుతుంది. అంటుకోనిది జారిపోతుంది. పట్టుకున్నదాన్ని తర్వాత వదిలించి కొలుస్తాం.”

“దాని కాలం చెల్లిందేమో చూసుకో.”

“పోయిన వారమే కొత్తది వేశాం. నాలుగు రోజులు నోరు కట్టుకొస్తే మోసపోయే పరీక్ష కాదండి. నిజం చెప్పండి, పూతరేకులు ఎన్ని లాగించారు?”

“నేను తింటే దానికెందుకొస్తుంది?”

“అదేంటండి?”

“అదే... తింటే మాత్రం ఇంతొస్తుందా అని!”

“ఛ, రోజూ ఇదే గోల. తినేది మీరు, తిట్లు తినేది మేము. దాహం ఎక్కువగా ఉంటోందా?”

“నాకేం దాహం! దాహమంటే మా ఆవిడ సత్యకుమారిది. బిందె పక్కన పెట్టుకు పడుకుంటుంది. అరికాళ్లు మంటలంటుంది. చిక్కి సగమైంది. అన్నీ పని తప్పించుకునే వేషాలు.”

“ఛీ, వేషాలేంటండీ! ఆవిడకెప్పుడైనా పరీక్ష చేయించారా?”

“దానికెందుకు? జన్మలో తీపి ముట్టదు. టీలో కూడా పంచదార వేసుకోదు. అందుకే కదా...”

“అందుకే?”

“ఏం లేదు.”

“తీపి ముట్టనివాళ్లకి షుగరు రాదని ఎవరన్నారండీ?”

“...రాదా? అదే, వస్తుందా?”

“నిక్షేపంలా వస్తుంది. పన్నెండంటే ఆషామాషీ కాదు. ఇలాగే వదిలేస్తే కిడ్నీలు పోతాయి, చూపు పోతుంది. మొన్నటి ట్యూబులో రక్తం మీ ఊరి ఆరెంపీ డాక్టరు తీస్తే మీరే పట్టుకొచ్చారు కదా? అనుమానముంటే మళ్లీ నేనే తీస్తాను. ఏదీ, చెయ్యి చాపండి.”

“నా చెయ్యెందుకమ్మా... ఛీ, నా మొహం మండ! ఆ ట్యూబులోది సత్యకుమారి రక్తం.”