బండి నా పేరు మీదే ఉంది

అలా నెమరేస్తూ నన్ను చూడకు. నీ గడ్డి ఎత్తుకుపోవడానికి రాలేదు నేను. మా ఆయన శనివారాలన్నీ ఎక్కడ తగలేస్తున్నాడో చూడ్డానికి వచ్చాను. వచ్చి చూస్తే నువ్వు. తెల్లటి ఆవువి, పక్కన దూడ.

నీ యజమానురాలు, ఆ అమెరికన్ ముసలావిడ, లోపలికెళ్ళిపోయింది. మీరిద్దరూ మాట్లాడుకోండి అని చెప్పి మరీ వెళ్ళింది, మనమేదో చుట్టాలమైనట్టు. సరే, నీకు తెలుగు వచ్చట కదా. అయితే విను. నాకు ఎక్కువ టైమ్ లేదు. సాయంత్రం గెయిన్స్‌విల్ నుంచి ఒకతను మా ట్రక్ కొనుక్కోడానికి వస్తాడు. నేను సంతకం పెడితే ఈ రోజే తోలుకుపోతాడు. భీమశంకర్‌కి తెలీదు. భీమశంకర్ అంటే మా ఆయనే. నీకు ఏ పేరు చెప్పుకున్నాడో ఏమో.

నువ్వెవరు అమ్మడానికి అంటావా? బండి నా పేరు మీదే ఉంది తల్లీ. కొంటానన్నప్పుడు ఆయనకి ఏలినాటి శని నడుస్తోంది. శని ఉండగా ఇనుము కొనకూడదని మా అత్తగారు ఫోన్‌లో పట్టుబట్టింది. అదేమన్నా మామూలు ఇనుమా? వెనకాల అటు రెండు ఇటు రెండు చక్రాలు, డీజిల్ ఇంజన్, ఎక్కాలంటే చీర మోకాళ్ళదాకా ఎత్తి పట్టుకోవాలి. అంత ఇనుము ఆయన పేరు మీద వద్దని నా పేరు మీద రాయించారు. అందరూ శనికి భయపడ్డారు గానీ, నాకు భయపడాలని ఎవరికీ తోచలేదు.

ఏం లాగడానికి కొంటున్నారని సేల్స్‌మన్ అడిగాడు. పడవ అన్నాడు మా ఆయన. కమ్మింగ్‌లో ఉంటాం, పక్కనే అంత పెద్ద చెరువు, లేనియర్, ఎవరు నమ్మరు చెప్పు? నేనూ నమ్మాను. నాకు సరిపడే లైఫ్ జాకెట్ కూడా కొనుక్కున్నాను, సిగ్గు లేకుండా. పడవ రాలేదు.

ఎప్పుడొస్తుందని అడిగాను. చూస్తున్నా అన్నాడు. ఏం చూస్తున్నావ్, ఎక్కడ చూస్తున్నావ్, ఎవరితో వెళ్ళి చూస్తున్నావ్ అని అడిగాను. మరి అడగరా? పెళ్ళాన్నేగా. లేచి వెళ్ళి చెత్త బయట పెట్టొచ్చాడు. ఆ రోజు చెత్త బండి వచ్చే రోజు కూడా కాదు.

మా అమ్మాయి నైనిక ఇక్కడికి దగ్గర్లోనే, ఏథెన్స్‌లో కాలేజీలో చదువుతోంది. దానికి ఫోన్ చేసి చెప్పుకుంటే, "అమ్మా, నాన్నకి మిడ్‌లైఫ్ క్రైసిస్. జస్ట్ లెట్ హిమ్ బీ" అని పెట్టేసింది. నడివయసు గండం అందరి మొగుళ్ళకీ వస్తుంది. అందరూ ఇలాంటి బండి కొన్నారా?

అసలు ఆ బండితో నేను పడ్డ పాట్లు నీకేం తెలుసు. గరాజ్‌లో పట్టదు. డ్రైవ్‌వేలో పెడితే తోక రోడ్డు మీదకొస్తుంది, దాని మీద మా కాలనీ సంఘం, ఆ హెచ్.ఓ.ఏ. వాళ్ళ నస. ఇండియన్ స్టోర్‌కి తీసుకెళ్తే రెండు కార్ల చోటు తినేస్తుంది, కొత్తిమీర కట్ట కొనుక్కుని బయటికొచ్చేసరికి అందరూ నన్నే చూస్తుంటారు. ఇక తెలిసినవాళ్ళు. సోఫా మార్చాలి, పరుపు తెచ్చుకోవాలి, ఒక గంట ఇస్తారా అని. ఇస్తాడు. ఎవరికీ కాదనలేని మొహమాటం మనిషి. ఒక్క శనివారం పొద్దున మాత్రం ఎవరడిగినా కుదరదనేవాడు. ఆయన నోట కుదరదు అనే మాట నేను వినడం అదే మొదలు. నాకు అనుమానం పట్టుకుంది అక్కడే.

ఇప్పుడు నేను చేసిన పని చెప్తే నువ్వు నవ్వుతావ్.

కొత్త బండికి పూజ చేయించినప్పుడు పంతులుగారు స్టీరింగ్‌కీ అద్దానికీ బొట్టు పెట్టి, వెనకాల ట్రైలర్ తగిలించే ఇనప గుండుంటుందే, దానికి కూడా పెట్టారు. బండికి అదే ప్రాణం కదమ్మా అన్నారు. నాకు అప్పుడు వెలిగింది. ఆ తరవాత ప్రతి శుక్రవారం స్నానం చేసి, దీపం పెట్టి, తిన్నగా బండి వెనక్కెళ్ళి ఆ గుండుకి గంధం రాసి కుంకుమ పెట్టేదాన్ని. భక్తి అనుకున్నాడు పాపం. మురిసిపోయాడు కూడా. ఆదివారం పొద్దున వెళ్ళి చూస్తే స్టీరింగ్ బొట్టు స్టీరింగ్ మీదే ఉండేది. గుండు మీది బొట్టు మాత్రం ఒరుసుకుపోయి ఉండేది. వానకి కరిగిందేమో అని సరిపెట్టుకుందామంటే, చుక్క వాన లేని వారం కూడా అంతే. ఏదో తగిలించి లాగుతున్నాడు. ఏంటది? ఎవరిది?

అమ్మవారి కుంకుమతో మొగుడి మీద నిఘా పెట్టావా అంటావా? పెట్టాను. అమ్మవారికి కోపమేం రాలేదు. వారం వారం తప్పకుండా కబురు చెప్పింది.

ఇక ఇంట్లో అరటిపళ్ళు నిలిచేవి కాదు. అత్తం అత్తమే మాయం. బెల్లం దిమ్మ సగం కోసి తీసుకెళ్ళాడు ఒకసారి. షుగర్ ఉన్న మనిషి. ఎవరికి పెడుతున్నాడు ఇవన్నీ? శనివారం మధ్యాహ్నం ఇంటికొస్తే అన్నం వద్దనేవాడు. చొక్కా చేతులకి పసుపు. ఒకసారి కాదు, ప్రతిసారీ. సీటు కింద చెయ్యి పెట్టి చూస్తే జాకెట్ ముక్కలు, తాంబూలంలో పెట్టి ఇస్తారే, అవి. పచ్చది, ఎర్రది, జరీ అంచుది. ఏ ఇంటి ఆడది నా మొగుడికి పసుపు కుంకాలు ఇచ్చి పంపిస్తోంది? దీన్ని ఏమని అర్థం చేసుకోవాలి చెప్పు?

ఆఖరికి చొక్కా మీద వెంట్రుకలు. తెల్లవి, పొట్టివి. నేను కిటికీ దగ్గర నిలబడి వాటిని వెలుతురులో పట్టుకుని చూశాను. ఎవరో పెద్దావిడ అనుకున్నాను. బాబ్ కటింగ్. పెద్దావిడతో ఏం కర్మ ఈయనకి అని ఏడ్చాను కూడా. నీ మీద ఒట్టు, ఏడ్చాను.

ట్రక్‌కి ఫోన్‌లో ఒక యాప్ ఉంటుంది, బండి ఎక్కడ ఆగిందో చూపిస్తుంది. బండి నా పేరు మీద ఉంది కాబట్టి అది నా ఈమెయిల్‌తోనే తెరుచుకుంటుందని మొన్నటిదాకా నాకు తట్టలేదు. తెరిచి చూశాను. శనివారం తెల్లారకముందే డాసన్‌విల్ దారిలో ఇదిగో ఇక్కడ ఆగుతోంది. ఇక్కణ్ణుంచి ఏదో ఒక ఇంటికి. ఒక వారం సువానీ, ఒక వారం ఆల్ఫరెట్టా. వారానికో కొత్త ఇల్లు. ఒకటే ఇల్లయితే ఒకత్తె అనుకోవచ్చు. వారానికో ఇల్లంటే ఏమనుకోవాలి? ఆ రాత్రే బండి అమ్మకానికి పెట్టేశాను. బండి లేకపోతే ఎలా వెళ్తాడో చూస్తాను అనుకున్నాను. కొనేవాడు వెంటనే దొరికాడు. సంతకం పెట్టేముందు ఒక్కసారి నా కళ్ళతో చూద్దామని, ఆయన తన కార్‌లో ఆఫీస్‌కి వెళ్ళగానే నా కార్ తీసుకుని ఇలా వచ్చాను.

రబ్బరు బూట్లు వేసుకుని నీ ముసలావిడ ఎదురొచ్చింది. జుట్టు తెల్లగా, పొట్టిగా. ఈవిడేనా అనుకున్నాను. ఆవిడేమో నా చేతులు పట్టుకుని, భీమ్ భార్యవి కదూ, ఇన్నాళ్ళకి వచ్చావా అంది. భీమ్ అట. నేను ఇరవై రెండేళ్ళ కాపురంలో పెట్టలేని ముద్దుపేరు.

ఆవిడే చెప్పింది అంతా. మనవాళ్ళ గృహప్రవేశాలకి నిన్నూ నీ దూడనీ ట్రైలర్‌లో ఎక్కించి తీసుకెళ్తారట. కొత్తింట్లో ముందు ఆవు అడుగు పెట్టాలిగా మనకి. ఇదివరకు ఆవిడ భర్త తోలుకెళ్ళేవాడట, ఆయనకి చూపు తగ్గి బండి నడపడం మానేశాడట. నిన్ను అమ్మేద్దామనుకుంటుంటే మా ఆయన వచ్చి, నా దగ్గర పెద్ద ట్రక్ ఉంది, నేను తీసుకెళ్తానన్నాడట. ఎప్పుడని అడిగాను. చెప్పింది. అప్పటికి మాకు ట్రక్ లేదు.

అర్థమైందా? ముందు నీకు మాటిచ్చాడు. తరవాత బండి కొన్నాడు.

నిన్ను నేను చూశాను తెలుసా, ఇదివరకే, మేం ట్రక్ కొనకముందు. మాకు తెలిసిన విశ్వనాథ్, అలేఖ్య వాళ్ళ గృహప్రవేశంలో. గుమ్మం దాకా వచ్చి మొండికేశావ్. నున్నటి చెక్క నేల, నీ గిట్టలు జారుతున్నాయి. వెనకనుంచి తోసేవాళ్ళు, ముందునుంచి లాగేవాళ్ళు, వీడియో తీసేవాళ్ళు. ముహూర్తం దాటిపోతోందని పంతులుగారి కేకలు. అప్పుడు మా ఆయన వచ్చి గుమ్మంలో తుండుగుడ్డలు పరిచి, నీ చెవి దగ్గర ఏదో అన్నాడు. నువ్వు నడిచొచ్చేశావ్. నేను హారతి పళ్ళెం పట్టుకుని అక్కడే ఉన్నాను. నీ వైపే చూశాను, ఆయన వైపు చూడలేదు. ఆ రోజు ఇంటికొచ్చాక కూడా, ఆవుని ఎలా నడిపించావని అడగలేదు నేను. భోజనాల్లో ఎవరితో అంతసేపు మాట్లాడావని అడిగాను.

పైసా తీసుకోడట. మరి ఎందుకు చేస్తున్నాడు ఇదంతా అని అడిగాను ముసలావిడని. అనుమానం అంత తొందరగా వదులుతుందా? ఆవిడ అదిగో, ఆ బోర్లించిన బకెట్ చూపించింది. నిన్ను తిరిగి తెచ్చి కట్టేశాక దాని మీద కూర్చుని నీతో గంటసేపు మాట్లాడతాడట. "మొదట్లో ప్రార్థన చేసుకుంటున్నాడనుకున్నాను. మధ్యలో నవ్వుతుంటే కాదని తెలిసింది" అంది.

గంటసేపు. మా ఇంట్లో ఆయన మాటలు నాలుగే. ఊఁ. సరే. తిన్నాను. పడుకుంటున్నా.

ఏం మాట్లాడతాడు నీతో? ఆఫీస్ గురించా? టీమ్‌లో చాలామందిని తీసేశారని నైనిక అంది, నాకు చెప్పలేదు, నీకు చెప్పాడా? వాళ్ళ నాన్నగారు పోయినప్పుడు కన్నీటి చుక్క కూడా రాల్చలేదు, నీ దగ్గర ఏడ్చాడా? నా గురించి ఏమన్నాడు? మంచిగా అన్నాడా, విసుక్కున్నాడా? నవ్వాడట కదా, దేనికి నవ్వాడు? నా మీదేనా?

చెప్పవు. గడ్డి తింటావ్.

ఇంట్లో ఈ సంగతి ఎందుకు చెప్పలేదో తెలుసా అని కూడా అడిగాను ఆవిడని. చెప్పడానికి మొహమాటపడింది. నేను వదల్లేదు. చివరికి చెప్పింది. "ఇక్కడైతే తనని ఎవరూ ఏమీ అడగరు అన్నాడు."

అంతే అన్నాడట.

అది విన్నాక కూడా నేనేం చేస్తున్నాను? వచ్చినప్పట్నుంచీ నిన్ను అడుగుతూనే ఉన్నాను. నోరు లేనిదానివి, నిన్ను కూడా.

ఫోన్ మోగుతోంది. గెయిన్స్‌విల్ అతనే, దారిలో ఉన్నాడేమో. నిజం చెప్పనా? ఆయన తప్పు చేస్తున్నాడని అమ్మేద్దామనుకున్నాను. తప్పు లేదని తెలిసింది, ఇప్పుడు ఇంకా అమ్మేయాలని ఉంది. ఆడదైతే జుట్టు పట్టుకుని నాలుగు తన్నేదాన్ని, ఊరంతా నా వైపే ఉండేది. నిన్నేం చేయను? ఎవరికి చెప్పుకోను, ఆవుతో మాట్లాడుతున్నాడని?

కానీ అమ్మేస్తే ఏమవుతుంది? శనివారాలు ఇంట్లోనే ఉంటాడు. సోఫాలో. నేను అడుగుతాను, ఊఁ అంటాడు.

అమ్మనులే. అతనికి ఫోన్ చేసి చెప్పేస్తాను, తిట్టుకుంటే తిట్టుకోనీ. నేనొచ్చానని భీమశంకర్‌తో అనొద్దని ముసలావిడకి కూడా చెప్పి వెళ్తాను.

రేపు శనివారం, చీకట్లోనే లేస్తాడు. నేను నిద్రపోతున్నట్టు అటు తిరిగి పడుకోవాలి. అరటిపళ్ళు ఏవీ అనకూడదు. మధ్యాహ్నం వచ్చాక, అంతా తెలిసి కూడా, ఎక్కడికెళ్ళావ్ అనే ఒక్క మాట అనకుండా మంచినీళ్ళివ్వాలి. అది నా వల్ల అవుతుందా?

అవ్వదు. నా సంగతి నాకు తెలీదా? ఈ వారం కాకపోతే వచ్చే వారం అడిగేస్తాను. ఆవు బాగుందా అని ప్రేమగానే అడుగుతాను, దాని వెనక ఇంకో పది అడుగుతాను. అప్పుడిక ఇక్కడికి రావడం కూడా మానేస్తాడు.

అందుకని, రేపొచ్చినప్పుడు కాస్త ఎక్కువసేపు మాట్లాడనీ.