ఎనిమిదో నంబరు గదిలో బీజగణితం

మన కళాశాల గణిత విభాగంలో మేడం గారు 1991 జూలై ఎనిమిదవ తేదీ, సోమవారం పూర్వాహ్నం విధుల్లో చేరినట్లు వారి సర్వీసు పుస్తకంలోని మొదటి పుట చెబుతున్నది. ఆ పుటకు ఎక్కని సంగతి ఒకటి నేను కళ్ళారా చూశాను. బయట కుండపోతగా వాన. తెగిన చెప్పు ఒకటి చేత్తో పట్టుకుని, అధ్యాపకుల గది గుమ్మంలో నిలబడి, "లోపలికి రావచ్చా అండీ, నేలంతా తడుస్తుందేమో" అన్నారు. మేమెవరం బదులు పలికేలోగానే మూలనున్న పాత దినపత్రిక తీసి గుమ్మం దగ్గర పరిచి, దాని మీద నిలబడి హాజరు పట్టికలో తొలి సంతకం చేశారు. అప్పటికి రెండేళ్ళుగా బురద కాళ్ళతో ఆ గదిలో యథేచ్ఛగా తిరుగుతున్న నేను, ఎందుకైనా మంచిదని కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాను.

నేను భాషాధ్యాపకుణ్ణి. ఏడో నంబరు గది నాది, ఎనిమిదో నంబరు గది వారిది. మధ్యనున్నది చెక్క అడ్డే కనుక, ముప్పైమూడు సంవత్సరాలపాటు నేను పద్యం చెబుతుంటే వారికీ, వారు సమీకరణం చెబుతుంటే నాకూ వినబడుతూనే ఉన్నది. వారి పదవీ విరమణ సందర్భంగా ఈ అభినందన వ్యాసం రాసే గౌరవం నాకు దక్కడానికి ఆ చెక్కే కారణమనుకుంటాను. నిజం ఒప్పుకోవాలంటే, నిరుడు ఇదే పని అప్పగించి ఉంటే ఏదో ఒక వంక చెప్పి తప్పించుకునేవాణ్ణి. వారు వెళ్ళిపోతే ఎనిమిదో నంబరు గదిలోని పిల్లల గతి ఏమిటన్న బెంగ అప్పట్లో నన్ను పీక్కుతింటూ ఉండేది. ఇవాళ ఆ బెంగ తీరింది. అది ఎలా తీరిందో చెప్పడానికే ఇన్ని పుటలు అడిగి తీసుకున్నాను.

ఆ గదిలో కూర్చునేవారెవరో కుటుంబ సభ్యుల కోసం చెప్పాలి. పాఠశాల చదువు ఎలాగో గట్టెక్కి, లెక్కల పునాది లేకుండానే కళాశాల మెట్లెక్కిన విద్యార్థులు వారు. మొదటి సంవత్సరంలో ప్రాథమిక బీజగణితం అందరికీ తప్పనిసరి. ఆ ఒక్క పరీక్ష నెగ్గనిదే రెండో సంవత్సరంలో అడుగుపెట్టనివ్వరు. అందుచేత వారికొక ప్రత్యేక తరగతి. కొమ్ములు తిరిగిన గణితజ్ఞులు నలుగురున్న విభాగంలో ఆ తరగతిని ఎవరూ ముట్టుకునేవారు కాదు. నాటి విభాగాధిపతి కొత్తగా వచ్చిన మేడం గారిని పిలిచి, "మీకు కాస్త అలవాటయ్యేదాకా అది చూడండమ్మా" అన్నారు. అలవాటు కావడానికి ముప్పైమూడేళ్ళు పట్టింది!

మొదటి రోజు వారు పాఠం చెప్పేవారు కాదు. తలా ఒక చీటీ ఇచ్చి, "లెక్క మీకు చివరిసారి బాగా అర్థమైంది ఎప్పుడు? పేరు రాయొద్దు, అది మాత్రం రాయండి" అనేవారు. ఆ చీటీలను వారు ఏ అధికారికీ చూపలేదు. నాకు మాత్రం చేతిరాత కనబడకుండా రెండు మూడు చదివి వినిపించారు. "భిన్నాలు రాకముందు" అని ఒకరు. "మా టీచరు మారేదాకా నాకన్నీ వచ్చు" అని ఇంకొకరు. మరొకరు, "జ్వరం వచ్చి నెల రోజులు బడికి పోలేదు. తిరిగి పోయేసరికి లెక్కల్లోకి అక్షరాలు వచ్చేశాయి" అని రాశారు. మేడం గారు ఆ అక్షరాలు రాకముందటి చోటికి వెళ్ళి, అక్కడి నుంచి మొదలుపెట్టేవారు. పాఠ్యప్రణాళికలో వర్గ సమీకరణాలు ఉండవలసిన వారంలో నల్లబల్ల మీద సగమూ మూడోవంతూ కలిపితే ఎంత అన్న లెక్క ఉండేది. అదేమని అడిగిన తనిఖీ బృందంతో, "మెట్లు లేకుండా మేడ మీదికి ఎవరొస్తారండీ" అని నెమ్మదిగా అన్నారు. ఆ నెమ్మది ముందు తనిఖీ బృందం గాలి పోయింది.

వారి అత్తగారు పేరంటానికొచ్చినవాళ్ళతోనూ, బంధువులందరితోనూ, "మా కోడలు అంత పెద్ద చదువు చదివి కాలేజీలో ఎక్కాలు చెప్తోంది" అని చెప్పేవారట. ఆ మాటలో వెక్కిరింత ఎంతో, గర్వం ఎంతో తేల్చుకోవడం తమ వల్ల కాలేదని మేడం గారే నవ్వుతూ చెప్పారు. విద్యార్థులు మాత్రం వారికి 'మళ్ళీ మేడం' అని పేరు పెట్టుకున్నారు. ఏ లెక్క ఎక్కడ చిక్కుపడినా "సరే, మళ్ళీ చూద్దాం" అనడం వారి అలవాటు. చేసిన లెక్క తప్పో ఒప్పో చెప్పమని ఎవరైనా పుస్తకం పట్టుకొస్తే వారు అందుకునేవారు కాదు. "నన్నెందుకు అడగడం? వచ్చిన జవాబు ఎక్స్ ఉన్నచోట పెట్టి చూడు. అదే చెప్తుంది" అనేవారు. తొలి సంవత్సరం యాభై ఇద్దరిలో పదిహేడుగురు నెగ్గారు. అయిదో సంవత్సరం నాటికి నెగ్గనివారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 2003లో విభాగాధిపత్యం వరించినప్పుడు కూడా, పెద్ద తరగతులను ఇతరులకిచ్చి, ఎనిమిదో నంబరు గదిని తమ వద్దనే అట్టిపెట్టుకున్నారు.

ఇక 2009 నాటి ఉదంతం. పరీక్షలు అయిదు వారాల్లో ఉన్నాయనగా మేడం గారికి పిత్తాశయంలో రాళ్ళని తేలి, శస్త్రచికిత్స చేశారు. మూడు వారాల విశ్రాంతి తప్పదన్నారు. ఆ తరగతిని అప్పుడే కొత్తగా చేరిన, బంగారు పతకం పొందిన యువ అధ్యాపకునికి అప్పగించారు. ఆయన వేగాన్ని చూసి మేము ముద్దుగా 'ఎక్స్‌ప్రెస్' అని పిలుచుకుంటాం. ఆయన కూడా ఆ పేరుకే పలుకుతారు. ప్రతి లెక్కకూ "ఏముంది ఇందులో!" అని మొదలుపెట్టి, పిల్లలు ప్రశ్న ఎక్కించుకునేలోగా జవాబు కింద గీత గీసేవారు. మొదటి రోజు నలభై ఆరుగురున్న తరగతిలో మూడో రోజుకు పదకొండుగురు మిగిలారు. వెళ్ళినవారు క్యాంటీన్‌లో బిక్కమొహాలు వేసుకుని కూర్చున్నారు. ఆసుపత్రి నుంచి మేడం గారు తమ శ్రీవారి చేత ప్రిన్సిపాల్ గారికి ఒక చీటీ పంపారు: "దయచేసి ఏడో నంబరు గది మాస్టారిని పంపించండి."

తిన్నగా ఆసుపత్రికి పరుగెత్తాను.

"మేడం గారూ, మీకింకా మత్తు దిగినట్టు లేదు. నేను లెక్కలు చెప్పడమేమిటండీ?"

"మీరు చెప్పొద్దు మాస్టారూ. వాళ్ళతో కూర్చుని చెయ్యండి. మీకు ఎక్కడ ఆగిపోతే అక్కడ ఆగండి."

"మొదటి లైన్లోనే ఆగిపోతానండీ!"

"వాళ్ళూ అక్కడే ఆగుతారు. అందుకేగా మిమ్మల్ని అడిగింది" అని, కుట్లు లాగుతున్నా ఆపుకోలేక నవ్వారు.

మర్నాడు ఎనిమిదో నంబరు గదిలో అడుగుపెట్టాను. నల్లబల్ల మీద 3x = 12 అన్నది ఉన్నది. బీజగణితంలో నాకున్న ఏకైక ఆస్తి 'అటు పోతే గుర్తు మారుతుంది' అనే వాక్యం. ఆ ధైర్యంతో మూడును అటు పంపి, గుర్తు మార్చి, పన్నెండులోంచి తీసేసి, x = 9 అని రాసి, సుద్ద దులుపుకుని వీరుడిలా వెనక్కు తిరిగాను. చివరి బెంచీలోని ఒకమ్మాయి లేచి నిలబడింది. అంతవరకూ ఆ పిల్ల నోరు విప్పగా చూసినవారు లేరట.

"సార్, పెట్టి చూడండి."

"ఏం పెట్టాలమ్మా?"

"తొమ్మిది సార్. మూడు తొమ్మిదులు ఇరవై ఏడు. మనకి పన్నెండు రావాలి కదా."

"మరి అటు పోతే గుర్తు మారుతుంది కదమ్మా?"

"ఎందుకు మారుతుంది సార్?"

ముందు బెంచీ నుంచి ఒకడు అందుకున్నాడు. "కలిపి ఉంటే తీసేస్తాం సార్. ఇక్కడ ఏదీ కలపలేదు. ఎక్సే మూడుసార్లు ఉంది. రెండు పక్కలా మూడు భాగాలు చెయ్యండి. ఒక్కో భాగం ఎంతొస్తుంది?" నాలుగొచ్చింది. పెట్టి చూశాను. సరిపోయింది. ఎనిమిదో తరగతిలో సరిగ్గా ఇదే తప్పు చేసినందుకు మా మాస్టారు నన్ను గది బయట నిలబెట్టి, ఈ జన్మకు నాకు లెక్కలు రావని తీర్పు చెప్పారు. ముప్పై సంవత్సరాలు ఆ తీర్పును శిరసావహించి బతికాను. ఆ ఉదయం నాకు ఏడుపొచ్చేసింది. పిల్లలు చూస్తారని కిటికీ వైపు తిరిగి, సుద్దపొడి కళ్ళలో పడిందన్నాను. మూడు వారాలు ఆ నలభై ఆరుగురూ నాకు పాఠం చెప్పారు. నాకు అర్థమయ్యేలా చెప్పాలన్న పట్టుదలతో తామూ నేర్చుకున్నారు. వెళ్ళినవారందరూ తిరిగొచ్చారు. ఆ ఏడు నలభై ఇద్దరు నెగ్గారు.

అందుకే నిరుడు అధ్యాపక సమావేశంలో ప్రిన్సిపాల్ గారు అన్న మాట నాకు శరాఘాతమైంది. "మేడం గారి తర్వాత ఎవరూ తీసుకోకపోతే ఆ సెక్షన్ ఎత్తేసి, పిల్లల్ని మామూలు సెక్షన్లలో కలిపేద్దాం." కలపడమంటే ఏమిటో అందరికీ తెలుసు, ఇంకో ఏడాదికి వారిలో సగం మంది చదువు మానేస్తారు. నేను తీసుకుందామంటే నిబంధనలు ఒప్పుకోవు, పైగా వచ్చే సంవత్సరం నేనూ ఇంటికే. విభాగంలో మిగిలింది ఎక్స్‌ప్రెస్ ఒక్కరే. ఆయన లేచి, "నా వల్ల కాదండీ. రెండ్రోజుల్లో ముప్పై అయిదు మందిని పారిపోయేలా చేసినవాణ్ణి" అన్నారు. పద్నాలుగేళ్ళుగా ఆయనకు ఆ అంకె గుర్తున్నదని నాకు అప్పుడే తెలిసింది. మేడం గారు ఆయన పక్కకు వెళ్ళి కూర్చున్నారు.

"బాబూ, నీకు రాని పని ఒకటి చెప్పు."

"ఈత రాదు మేడం."

"అయితే వెళ్ళి నేర్చుకో. ఆ తర్వాత మాట్లాడుకుందాం."

మేమంతా అది వేళాకోళమనుకున్నాం. ఆయన మాత్రం ఎనిమిదేళ్ళ కూతురిని చేర్చిన ఈతకొలనులోనే తానూ చేరారు. కూతురు పది రోజుల్లో చేపలా ఈదింది. తండ్రి రెండు నెలలైనా గోడ వదల్లేదు. ఒక శనివారం తడి జుట్టుతో నేరుగా అధ్యాపకుల గదికొచ్చి, కుర్చీలో కూలబడ్డారు.

"మా అమ్మాయి గట్టు మీద కూర్చుని, 'ఏముంది నాన్నా ఇందులో, కాళ్ళాడించు అంతే' అంటోంది మేడం. దానికి తెలీదు కదా, నాకు కాళ్ళు ఎక్కడున్నాయో కూడా తెలీడం లేదని! అంత సిగ్గేసింది. ఆ పిల్లలకి అప్పుడు ఇలాగే అనిపించిందా?"

మేడం గారు ఆయన భుజం తట్టి, మొదటి రోజు చీటీల కట్ట ఒకటి చేతిలో పెట్టారు.

ఈ సెప్టెంబరు నుంచి ఎనిమిదో నంబరు గదిలో పాఠం ఆయనది. మేడం గారు చివరి బెంచీలో కూర్చున్నారు. నేను చెక్క అడ్డుకు చెవి ఆనించి కూర్చున్నాను, నా పద్యాలు ఎటు పోయాయో దేవుడికే తెలియాలి. అక్టోబరులో ఒక ఉదయం అవతల నిశ్శబ్దంగా ఉండేసరికి, తరగతి ఖాళీ అయిపోయిందేమోనని హడలిపోయి వరండాలోకి వచ్చాను. లోపల అందరూ ఉన్నారు. బల్ల దగ్గర ఒక కుర్రవాడు బ్రాకెట్టు బయటి రెండుతో లోపలి ఎక్స్‌ను మాత్రమే గుణించి, దాని పక్కనున్న మూడును వదిలేసి, అక్కడ చిక్కుకుపోయాడు. ఎక్స్‌ప్రెస్ పెదవులు 'ఏము' దాకా వచ్చి మూతపడ్డాయి. ఆయన వెళ్ళి మొదటి బెంచీలో పిల్లల మధ్య కూర్చుని, "నువ్వెలా వచ్చావో చెప్పు, నేనూ నీ వెనకే వస్తాను" అన్నారు. కుర్రవాడు మొదటి నుంచి చెప్పుకుంటూ వచ్చి, సగంలో ఆగి, "ఉండండి సార్, ఉండండి! రెండు ఆ మూడుకి కూడా కదా!" అని అరిచాడు.

మేడం గారు చప్పుడు కాకుండా లేచి వరండాలోకి వచ్చారు. "హమ్మయ్య!" అన్నారు. "మాస్టారూ, ఇక నేను వెళ్ళొచ్చు." నాకంత సంతోషం ఈ ఉద్యోగంలో ఎన్నడూ కలగలేదు. మర్నాటి నుంచి వారు ఆ తరగతికి వెళ్ళలేదు. సెక్షన్ ఎత్తివేసే ప్రతిపాదనను ప్రిన్సిపాల్ గారు చించివేశారు. ఈనాటికి నలభై ఎనిమిది మందిలో నలభై ఆరుగురు హాజరవుతున్నారు. రాని ఇద్దరిలో ఒకరు ఊరు మారారు, ఇంకొకరికి కాలు విరిగింది.

మేడం గారి సహనాన్ని ఇంతగా కీర్తించినందుకు వారి కుమార్తె నాతో తగవుపడుతున్నది. "ఓర్పంతా కాలేజీలోనే ఖర్చయిపోయేదండీ. మాకు లెక్కలు చెప్పేటప్పుడు అమ్మ అరుపులు వీధి చివరికి వినబడేవి" అని ఆమె ఫిర్యాదు. వారి శ్రీవారు తల ఊపారు. ఆ బాకీ తీర్చే అవకాశం మనవరాలి రూపంలో వచ్చిందని విని సంతోషించాను.

మేడం గారూ, ఆయురారోగ్యాలతో, శ్రీవారి సాహచర్యంలో, మనుమల అల్లరి నడుమ మీరు నిండు నూరేళ్ళూ చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాం. మీ విరమణ ఈ శనివారం. సోమవారం ఉదయం పది గంటలకు ఎనిమిదో నంబరు గదిలో బీజగణితం ఉంది, ఎక్స్‌ప్రెస్ మాస్టారూ ఉన్నారు, పిల్లలూ ఉంటారు. ఆ వేళకు మీరు మాత్రం ఇంకా ముసుగుతన్ని నిద్రపోతూ ఉండాలి.