పనావిడ వచ్చేలోపు

పడకగదిలో మోకాళ్ళ మీద కూర్చుని నేల రుద్దుతున్న తమ్ముణ్ణి చూసి అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. అతని భార్య పోయి నెల కూడా కాలేదు.

“పనావిడ వచ్చే వేళకి నువ్వు తుడవడమేంట్రా, చోద్యం కాకపోతే!”

“ఇల్లు ఇలా ఉంటే ఆవిడ ఏమనుకుంటుంది అక్కా?”

“ఇలా ఉందనేగా పిలిచింది.”

“అసలు మనలాంటి వాళ్ళకి పనిమనిషెందుకు? ఉన్నది నేనొక్కణ్ణి.”

“ఆ ఒక్కడి ఎంగిలి గిన్నెలే సింకులో కంపు కొడుతున్నాయి. రోజూ బస్సెక్కి రావడం నా వల్ల కాదురా.”

“సరే, వంటిల్లు చేయించు. ఈ గదిలోకి మాత్రం ఎవర్నీ రానివ్వకు.”

“ఏముందని ఇక్కడ?”

“మంచం కింద మరక. చివరి రోజు తను రక్తం కక్కుకుంది. నేను తుడుస్తుంటే సిగ్గుతో ఏడ్చింది. ఎవరి కంటా పడనివ్వకండి అంది. పడనివ్వనని మాటిచ్చాను.”

“మరి పోయిందా?”

“పోవట్లేదక్కా. ఎంత రుద్దినా పోవట్లేదు.”

వీధి తలుపు చప్పుడైంది. అక్క గదిలోకి అడుగు పెట్టలేదు. బయటినుంచే తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. ఆమె గొంతు అతనికి లోపలికి వినిపించింది.

“ముందు వంటిల్లు చెయ్యమ్మా. ఆ గది వద్దు. మా మరదలు పడుకుంది.”